ముప్పై రెండో వంతు

నేనొక యుద్ధ విమానం తయారుచేశాను. మిత్రుల మధ్య ఈ మాట చెప్పినప్పుడు ముందు నవ్వారు. ప్లాస్టిక్ బొమ్మ అని చెప్పాక ఇంకా నవ్వారు. రెక్కల కింద బాంబులు కూడా పెట్టానన్నాక మాత్రం ఎవరూ నవ్వలేదు. "1998లో పోఖ్రాన్ మీద అంత ఘాటుగా రాసినదానివి, నీకిదేం పని?" అని ఒకామె సూటిగానే అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. టీ చల్లారిపోతోందని మాట మార్చాను. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నిజానికి ఆ బొమ్మ నాది కాదు, మా అన్నయ్యది. పంతొమ్మిదేళ్లకే ఎయిర్‌ఫోర్సులో చేరాడు. పైలట్ కాదు, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. విమానం ఒంటికి వైద్యం చేసేవాడన్నమాట. రిటైరయ్యాక సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకుని, వెనకగదిలో ఒక బల్ల వేసుకుని, విమానాల మోడళ్లు కడుతూ ఉండేవాడు. 1999లో కార్గిల్ యుద్ధం మీద నేను రాసిన వ్యాసం చదివి నాలుగేళ్లు నాతో మాట్లాడలేదు. అమ్మ పోయినప్పుడు మాట్లాడాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ విషయం ఎత్తకుండా చాలా మర్యాదగా బతుకుతున్నాం. ఈమధ్య అతనికి పార్కిన్సన్స్ వచ్చింది. చెయ్యి వణుకుతుంది. వణికే చెయ్యి అన్నం కలుపుకోగలదు, కష్టం మీద సంతకమూ పెట్టగలదు, కానీ వెంట్రుకంత దారాన్ని చీమ కన్నంత రంధ్రంలోకి దూర్చలేదు. బల్ల మీద ఒక కిట్ సగంలో ఆగిపోయి ఉంది. దాన్ని చేసిన న్యూజీలాండ్ కంపెనీ 2020లో మూతపడింది, మళ్లీ కొనుక్కుందామన్నా దొరకదు. "నీ చెయ్యి కుదురు. అమ్మ చెయ్యి నీకొచ్చింది. పూర్తి చేస్తావా?" అని అడిగాడు. మా అన్నయ్య నన్నేదైనా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

డీహెచ్ 9ఏ దాని పేరు. 1918 నాటి బ్రిటిష్ బాంబర్. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, మధ్యలో చెక్క స్తంభాలు, వాటిని బిగించి పట్టుకునే తీగలు. ముందు పైలట్, వెనక తుపాకీతో ఇంకొకడు. నాలుగు వందల హార్స్‌పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజను. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు పద్నాలుగు మీటర్లు. మోడల్ దాన్ని ముప్పై రెండో వంతుకు కుదిస్తుంది కాబట్టి నా బల్ల మీద నలభై నాలుగు సెంటీమీటర్లు. ఆ లెక్కన మనిషి నా చూపుడు వేలంత కూడా ఉండడు.

అన్ని విమానాలుండగా అన్నయ్యకు ఇదే ఎందుకు కావాల్సి వచ్చిందంటే, దీని మీద మన ఊరి పేరుంది. రాయల్ ఎయిర్‌ఫోర్సు 110వ స్క్వాడ్రన్‌కు మొదటి విమానాలను తన డబ్బుతో ఇప్పించినవాడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయన బహుమానమని ప్రతి విమానం పక్కన రాయించారు. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరొచ్చింది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి, యుద్ధం ముగిసేదాకా ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి జర్మన్ నగరాల మీద పగటిపూట బాంబులు వేసింది, తనూ బాగా దెబ్బతింది. వాటిలో ఎఫ్1010 అనే విమానం అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానం బెర్లిన్‌లో ప్రదర్శన వస్తువైంది, తర్వాతి యుద్ధంలో పోలండ్ చేరింది, 1977లో తిరిగి ఇంగ్లండ్ వచ్చి ఇప్పుడు లండన్ శివార్లలో హెండన్‌లోని మ్యూజియంలో ఉంది. మేం కడుతున్నది దాన్నే.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నిజాం బహుమానం అన్న మాట వినగానే, అది ఎవరి డబ్బు అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. సర్ఫెఖాస్ అనండి, దివానీ అనండి, చివరికి అది తెలంగాణ, మరాఠ్వాడా రైతు కట్టిన శిస్తే. వెట్టి చేసే ఊళ్లు, దొర కూతురితో పాటు అత్తారింటికి వెళ్లే ఆడబాపలు ఉన్న రాజ్యం అది. ఆ విమానాలు ఫ్రాంక్‌ఫర్ట్ మీద ఎగురుతున్న శరదృతువులోనే ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇదంతా అన్నయ్యతో అంటే, "అక్షరాలు అతికించేటప్పుడు మటుకు నీళ్లు గోరువెచ్చగా ఉండాలి" అన్నాడు. వినిపించుకోలేదని కాదు. అతని జవాబు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పని నాకు విపరీతంగా నచ్చింది. మూడు నెలలు, మధ్యాహ్నం రెండింటి నుంచి వెలుతురు తగ్గేదాకా. పట్టకారుతో ఒక చిన్న లివర్ పట్టుకుని ఊపిరి బిగబట్టి అతికించడం. పైరెక్కను నాలుగు జతల స్తంభాల మీదకు ఒకేసారి దించడం. అది దించిన రోజు మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఆ తర్వాత తీగలు. ఎగిరేటప్పుడు రెక్కలు పైకి విరిగిపోకుండా పట్టేవి కొన్ని, నేల మీద ఉన్నప్పుడు కిందికి వాలిపోకుండా పట్టేవి కొన్ని. ఒక్కొక్క దాన్ని సాగే దారంతో, సూదిమొనంత జిగురుతో బిగించాను. ఎన్ని రంధ్రాలు తొలిచానో వంద దాటాక లెక్కపెట్టడం మానేశాను. నాకు అరవై ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఎవరి ఆకలికీ, ఎవరి ఒంటికీ, ఏ ఇంటికీ పనికిరాని ఒక పనిని ఇంతసేపు చేతుల్తో చెయ్యడం ఇదే మొదటిసారి. మన చేతుల్లో నైపుణ్యం లేక కాదు. అల్లికలు, కాజాలు, ముగ్గులు, ఊరగాయ ముక్కలు ఒకే కొలతన తరగడం, ఇవన్నీ ఎప్పుడూ ఏదో ఒక అవసరం కిందే జమ. హాబీ అన్న మాట మగవాళ్ల వెనకగదిలో ఉంటుంది. దానికి తలుపుంటుంది, ఆ తలుపు వేసుకోవచ్చు. వదిన ఆ తలుపు అవతల నుంచి ముప్పై ఏళ్లు టీ ఇచ్చింది. నేను లోపల కూర్చున్న మొదటి రోజు నాకూ టీ తెచ్చి, ఒక క్షణం నా వైపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపు గురించి వేరే రాయాలి.

సరే, నచ్చింది. నచ్చడమే తప్పా? నా మిత్రురాలి ప్రశ్న అసలు అదేననుకుంటాను. ఒక చంపే యంత్రాన్ని ప్రేమగా, వివరంగా, అందంగా తయారుచేస్తే ఆ ప్రేమ ఎవరి ఖాతాలోకి వెళుతుంది? బొమ్మే కదా అని తప్పించుకోవచ్చు. కానీ మనం బొమ్మల గురించి అలా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆడపిల్ల చేతికి లక్కపిడతలు, మగపిల్లాడి చేతికి తుపాకీ ఇవ్వడం గురించి మనమే పేజీలకు పేజీలు రాశాం.

ఇంకో మిత్రురాలు దారి చూపించబోయింది. "అంతగా కట్టాలనుంటే రష్యా ఆడవాళ్లు నడిపిన విమానం కట్టు" అంది. రెండో ప్రపంచ యుద్ధంలో 588వ రెజిమెంటు. పైలట్లు, నావిగేటర్లు, మెకానిక్కులు అందరూ స్త్రీలే. వాళ్లు రాత్రిపూట నడిపిన పో-2 కూడా రెండు జతల రెక్కలదే, చెక్కా బట్టా కలిపి చేసిందే. వాళ్లంటే నాకు గౌరవం. ఇంటి మీదికొచ్చిన సైన్యంతో పోరాడారు, నిజాం విమానాల యుద్ధానికీ వాళ్ల యుద్ధానికీ చాలా తేడా ఉంది. అయినా ఆ సలహా నాకు మింగుడుపడలేదు. సీట్లో కూర్చున్నది స్త్రీ అయితే రెక్క కింద వేలాడేది ఇంకేదో అయిపోతుందా? నా మనసు నొప్పించని విమానాన్ని ఏరుకోవడం నైతికత కాదు, కొనుగోలు.

నన్ను అసలు ఆపింది బట్ట. ఆ కాలపు విమానం రెక్క అంటే చెక్క చట్రం, దాని మీద లినెన్ బట్ట. అవిసె నారతో నేసిన బట్ట. దాన్ని చట్రానికి చుట్టి, మైనం పట్టించిన దారంతో, లోపలి రిబ్బు చుట్టూ పెద్ద సూది పోనిచ్చి, కొన్ని అంగుళాలకొక ముడి చొప్పున కుడతారు. కుట్టు మీద బట్టపట్టీ అతికించి, డోప్ అనే పూత పూస్తారు. పూత ఆరితే బట్ట డప్పులా బిగుస్తుంది. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో ఈ కుట్టుపనీ, పూతపనీ ఎక్కువగా చేసింది స్త్రీలు. పూతను కరిగించడానికి మొదట్లో టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రావకం కలిపేవాళ్లు. దాని ఆవిరి కాలేయాన్ని తినేస్తుంది. 1914 చివర్లో హెండన్‌లోని విమానాల ఫ్యాక్టరీలోనే కార్మికులకు పచ్చకామెర్లు రావడం, మరణాలు సంభవించడం మొదట బయటపడింది. అవును, ఇప్పుడు మ్యూజియం ఉన్న హెండనే. 1916 నుంచి ఆ జబ్బు వస్తే ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాలన్నారు, తర్వాత ద్రావకాన్ని మార్చారు. నిజాం విమానాలు తయారయ్యేసరికి ఆ విషం పోయింది. కానీ ఆ పూత ఎలా పూయాలో ప్రపంచం నేర్చుకున్నది ఎవరి ఒళ్ల మీదో తెలిశాక, పసుపు కలిసిన ఆ లినెన్ రంగును రెక్కల అడుగున పూయడానికి నాకు వారం రోజులు చెయ్యి రాలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మూడంగుళాల దూరంలో ఉన్న రెండు ముళ్లు ముప్పై రెండో వంతులో రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. ముడి మాత్రం కంటికి ఆనదు. అందుకని కిట్లో రిబ్బు మీద పట్టీ గీత ఉంటుంది, కుట్టు ఉండదు. ఇది కుట్ర కాదు, కొలత. కానీ అదే కొలతలో తుపాకీ గొట్టం చుట్టూ ఉన్న రంధ్రాలు కనిపించాలని పల్చటి లోహపు రేకు మీద చెక్కించి ప్యాకెట్‌లో పెట్టారు. పైలట్ ముందున్న గడియారంలో అంకెలున్నాయి, భూతద్దంతో చదవొచ్చు. నిజాం బహుమానం అన్న అక్షరాలు అన్నయ్య ప్రత్యేకంగా ముద్రించి పెట్టుకున్నాడు. కుదించేటప్పుడు ఏది మిగలాలన్నది చిన్నాపెద్దా బట్టి కాదు, కుదించేవాడికి ఏది ముద్దో దాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పాఠ్యపుస్తకం రాసేటప్పుడూ ఇంతే. నేను రాసిన రెండు పాఠ్యపుస్తకాల్లో మొదటి ప్రపంచ యుద్ధానికి మూడు పేజీలిచ్చారు. ఆ మూడు పేజీల్లో నేనేం మిగిల్చానో ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేసింది.

ఇక బాంబులు. కిట్‌లో అవి విడిగా ఉంటాయి, పెట్టుకోవడం మన ఇష్టం. చిటికెన వేలి కొనంత. నేను పెట్టనన్నాను. నా పేరున్న వస్తువు మీద అవి ఉండకూడదనుకున్నాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అది ఫ్రాంక్‌ఫర్ట్ ఎందుకెళ్లినట్టే? ఉత్తరాలు పంచడానికా?" అన్నాడు. (ఆ తర్వాత 1921 నుంచి కైరోకూ బాగ్దాదుకూ మధ్య ఇవే విమానాలు నిజంగానే ఉత్తరాలు మోశాయి. ఇరాక్ పల్లెల మీద బాంబులూ వేశాయి. రెండూ ఆ రెక్కలే.)

"నీ బాధ నాకు తెలుసు. బాంబులు తీసేస్తే నీకు హాయిగా ఉంటుంది. అప్పుడది అందమైన విమానం, అంతే. నేను ముప్పై ఏళ్లు వాటి కింద పనిచేశాను. తీసేసి చూపించడమే అబద్ధం."

నా జీవితంలో యుద్ధం గురించి నేను విన్న అత్యంత నిజాయితీ గల మాట ఒక సైనికుడి నోటి నుంచి వచ్చింది, అతను నా వ్యాసం చదివి నాలుగేళ్లు మాట్లాడని మనిషి. నేను చెయ్యబోయిందీ కుట్టును చెరిపేసినవాళ్లు చేసిందీ ఒక్కటే కదా. వాళ్లు తమకు ముఖ్యం కాని చేతుల్ని చెరిపేశారు, నేను నాకు ఇబ్బందైన బరువును చెరిపేయబోయాను. 1925లో ఇవే రకం విమానాలతో ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులోని దక్షిణ వజీరిస్తాన్‌లో మహ్సూద్ తెగల మీద యాభై నాలుగు రోజులు దాడి చేశారు. నేల మీద సైన్యం లేకుండా, ఆకాశం నుంచే. దానికి నాయకత్వం వహించిన అధికారి పేరు మీద దాన్ని పింక్స్ వార్ అంటారు. పాల్గొన్నవాళ్లకు పతకం ఇచ్చారు. చరిత్రలో ఆ యుద్ధానికి పైనున్నవాడి పేరుంది, కింద ఉన్న ఊళ్ల పేరు లేదు. బాంబులు తీసేసిన నా మోడల్ కూడా అలాంటి చరిత్రే రాసేది, కాస్త అందంగా.

బాంబులు పెట్టాను. పెట్టేటప్పుడు నా చెయ్యి కూడా వణికింది. అన్నయ్య చూసి ఏమీ అనలేదు.

కుట్టు సంగతి మిగిలిపోయింది. ఒకరోజు ఆ మాటే అంటుంటే అన్నయ్య అన్నాడు, "ఆ కుట్టు నాకొచ్చు." నాకర్థం కాలేదు. డకోటా విమానానికి చుక్కాని మీదా, రెక్కల చివరి కదిలే భాగాల మీదా బట్టే ఉండేదట. డెబ్బైల్లో అతను వాటిని కుట్టేవాడట. వంకర సూది, మైనం దారం, రిబ్బు చుట్టూ ముడి. కాలేజీకి వెళ్లడానికి నా జాకెట్లు అమ్మ రాత్రిళ్లు ఉషా మెషీన్ మీద కుడుతుంటే, కళ్లు కనపడక సూదిలో దారం ఎక్కించమని పిలిస్తే, సెలవు మీద ఇంటికొచ్చి మంచం మీద పడుకున్న ఇతను "అది ఆడవాళ్ల పని, చెల్లిని పిలు" అనేవాడు. అప్పటికే అతను దేశంలో అతి కచ్చితమైన కుట్టు కుట్టేవాళ్లలో ఒకడు! అక్కడ దాని పేరు ట్రేడు. దానికి పరీక్ష ఉంది, గ్రేడు ఉంది, పెన్షనుంది.

"అమ్మకి ఎప్పుడైనా చెప్పావా?" అన్నాను.

"లేదు."

"ఎందుకని?"

"నవ్వుతుందని." కాస్త ఆగి, "నవ్వితే బాగుండేది," అన్నాడు.

నేనొక పని చేశాను. అమ్మ పాత దుప్పటి ఒకటి నా దగ్గరుంది, మందపాటి నూలు. లినెన్ కాదు, అయినా అది చాలనుకున్నాను. వడ్రంగి చేత మూడు చెక్క రిబ్బులున్న అడుగున్నర చట్రం చేయించాను. అసలు విమానం రెక్కలో ఒక ముక్క, దాని అసలు సైజులో. కుదింపు లేదు. అన్నయ్య కుర్చీలో కూర్చుని ముడి ఎలా వెయ్యాలో మాటల్లో చెప్పాడు, చేతుల్తో చూపించడం కుదరదు కనుక. "సూది కింది నుంచి. ఇప్పుడు దారం వెనక్కి. వెనక్కంటే నీ వైపు కాదే, రిబ్బు వైపు. లాగు. ఇంకా. చెయ్యి కొయ్యాలి, అప్పుడే బిగిసినట్టు." నిజంగానే కోసింది. చూపుడు వేలి మీద ఇంకా గాటుంది. పదిహేను ముళ్లకు నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒక్కో విమానానికి ఎన్ని వందల ముళ్లో, ఒక్కో రోజు ఎన్ని విమానాలో, ఆ వేళ్ల గురించి ఆలోచిస్తూనే కుట్టాను.

మోడల్‌ని ఆ ముక్క మీదే నిలబెట్టాలని నా ఉద్దేశం. ముప్పై రెండో వంతు విమానం, అసలు కొలత కుట్టు మీద. కిందనున్న ఊళ్లను ఎక్కడ పెట్టాలో నాకింకా తెలియదు. అవి ఏ స్కేలులోనూ నా బల్ల మీద పట్టలేదు. వదిన చూసి, "అత్తయ్యగారి దుప్పటి కదూ?" అంది. మొదటిసారి గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

పూత పూసే ముందు అన్నయ్య ఒకసారి తడిమి చూస్తానన్నాడు. కళ్లు మూసుకుని, వణికే వేళ్లతో, ఒక్కో ముడి మీదా ఆగుతూ వెళ్లాడు. రెండో వరుసలో ఆగిపోయాడు.

"మూడోది వదులుగా ఉంది. విప్పి మళ్లీ కట్టు."

వదిన కత్తెర అందించింది. విప్పాను.